బైకు ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవాలంటే ఏ ఆయిల్, ఏ ఫిల్టరు?

ఆయిల్ కొనేటప్పుడు ముందు సీసా వెనక్కి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో మూడు సంగతులుంటాయి: 10డబ్ల్యూ-30 లాంటి చిక్కదనం నంబరు, ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఇచ్చే ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ లాంటి గ్రేడు, జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అనే ముద్ర. ఈ మూడూ మీ బండి మాన్యువల్‌తో కలిస్తే ఏ కంపెనీ ఆయిలైనా పోసుకోవచ్చు.

వీటిలో ఎవరూ పట్టించుకోనిది జాసో ముద్ర. గేర్ల బైకులో ఇంజనుకీ, గేరుబాక్సుకీ, క్లచ్చుకీ ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లో తడుస్తూనే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. కార్ల కోసం చేసిన పల్చటి ఆయిళ్లలో మైలేజీ పెరగడానికి జారుడు గుణం ఉన్న రసాయనాలు కలుపుతారు. అలాంటిది బైకులో పోస్తే ప్లేట్లు పట్టు తప్పుతాయి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగి ఇద్దరితో గట్టెక్కబోతే ఇంజను అరుస్తుంది గానీ బండి ముందుకు లాగదు. కారుకి తెచ్చింది అర లీటరు మిగిలిందని బైకులో పోయకండి. జాసో ఎంబీ అని ఉన్నది స్కూటర్ల ఆయిల్. యాక్టివా లాంటి బళ్లలో క్లచ్ ఆయిల్ తగలకుండా విడిగా ఉంటుంది కాబట్టి వాటికి సరిపోతుంది. గేర్ల బైకుకి మాత్రం వద్దు.

ఇక చిక్కదనం. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ-30, పల్సర్ 150కి 20డబ్ల్యూ-50, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350కి 15డబ్ల్యూ-50 వాడుతుంటారు. మీ మోడల్‌కి ఏదో మాన్యువల్‌లో చూసి ఖాయం చేసుకోండి. "ఇక్కడి ఎండలకి చిక్కటిదే మంచిది" అని స్ప్లెండర్‌లో 20డబ్ల్యూ-50 పోసేవాళ్లున్నారు. అది తప్పు. ఆ రెండో నంబరు ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఎండాకాలమైనా చలికాలమైనా నడిచే ఇంజను లోపలి ఆయిల్ బయటి ఎండ కన్నా చాలా ఎక్కువే వేడెక్కుతుంది. సన్నటి దారులున్న చిన్న ఇంజన్లో చిక్కటి ఆయిల్ పోస్తే, పొద్దున్నే కిక్ కొట్టగానే అది పైన వాల్వుల దాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. ఆ కొద్ది క్షణాల్లో అరుగుదల ఎక్కువ.

సింథటిక్ (రసాయన పద్ధతిలో తయారుచేసిన ఖరీదైనది) పోయాలా, మినరల్ (ముడిచమురు నుంచి తీసిన మామూలుది) పోయాలా? మాన్యువల్ మినరల్ చాలంటే అదే పోసి వేళకి మార్చండి. ఖరీదైనది పోశాం కదా అని రెట్టింపు కిలోమీటర్లు లాగించడం కన్నా ఇది ఎంతో మేలు.

ఫిల్టరు కొనే ముందు మీ బండిలో ఏ రకం ఉందో తెలుసుకోండి. స్ప్లెండర్ లాంటి ఇంజన్లలో మార్చే కాగితం ఫిల్టరు ఉండదు. లోపల ఒక జల్లెడ, గిరగిర తిరుగుతూ మురికిని అంచుకి విసిరేసే ఒక రోటరు ఉంటాయి. వాటిని క్లచ్ కవర్ విప్పినప్పుడు శుభ్రం చేయిస్తే చాలు. పల్సర్, ఎన్‌ఫీల్డ్ లాంటి వాటిలో కాగితం ఫిల్టరు ఉంటుంది. కొత్తది పాతదాని పక్కన పెట్టి ఎత్తు, మధ్య రంధ్రం సైజు, రబ్బరు ఉన్న వైపు మూడూ సరిచూడండి. తీసేటప్పుడే ఫోన్లో ఫొటో తీసుకోండి. తిరగేసి బిగిస్తే ఆయిల్ వడకట్టకుండానే తిరగొచ్చు, అసలు పైకే ఎక్కకపోవచ్చు. కవర్ ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) కూడా కొత్తదే వేయాలి. పాతదాన్ని వేళ్ల మధ్య దొర్లించి చూడండి, ఒక వైపు నలిగి పలకబారి తగులుతుంది. కారడం మొదలయ్యేది అక్కడే. కొత్తదానికి వేలితో కాస్త ఆయిల్ రాసి కూర్చోబెట్టండి.

ఇక మార్చడం. ఇంజన్ని మూడు నాలుగు నిమిషాలు తిప్పి ఆపండి. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. చదునైన చోట సెంటర్ స్టాండు వేసి, కింద బేసిను పెట్టి, సరిపోయే రింగు పానాతో డ్రైన్ బోల్టు వదులు చేయండి. స్ప్లెండర్‌కి 17 నంబరు. బోల్టుని చివర్లో మెల్లగా తిప్పండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి లోపల చేరి ఉంటే ముందు నీళ్ల బొట్లే పడతాయి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా నీళ్లు కలిసినట్టే. బోల్టు కొన మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే కంగారు పడక్కర్లేదు. గోటికి తగిలేంత లోహపు ముక్కలు కనిపిస్తే మెకానిక్‌కి చూపించాల్సిందే.

కొత్త వాషర్ వేసి, మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాక పానా పెట్టండి. అది అల్యూమినియం మర, బలం చూపిస్తే పోతుంది. పానాకి పైపు తగిలించొద్దు.

మాన్యువల్‌లో ఆయిల్ కొలతలు సాధారణంగా రెండుంటాయి, ఇంజను విప్పినప్పుడు ఒకటి, ఉత్త ఆయిల్ మార్పుకి ఒకటి. మీకు కావలసింది రెండోది. దానికి 100 మిల్లీలీటర్లు తక్కువే గరాటుతో పోసి, రెండు మూడు నిమిషాలు ఇంజను తిప్పి, ఆపి, మరో మూడు నిమిషాలాగి కొలవండి. హీరో, హోండా బళ్లలో డిప్‌స్టిక్‌ని (ఆయిల్ కొలిచే పుల్లని) మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే లెక్క తప్పుతుంది. పై గీత దాటితే ఎక్కువైన ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి తన్నుకొస్తుంది.

గోదావరి డెల్టాలో కిలోమీటర్లొక్కటే చూస్తే కుదరదు. ఇంటి నుంచి చెరువు గట్టు దాకా, మళ్లీ ఇంటికి, రోజంతా చిన్న చిన్న తిరుగుళ్లే అయితే ఇంజను పూర్తిగా వేడెక్కదు, లోపల చేరిన చెమ్మ ఆవిరైపోదు. అలాంటి బండికి ఏడాదికొకసారైనా, వానలు వెనకబట్టాక మార్చడం మంచిది. వరదలో ఇంజను మునిగిందా, కిక్ కొట్టకండి, సెల్ఫ్ నొక్కకండి. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ని పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ప్లగ్గు విప్పి, ఎయిర్ ఫిల్టరూ, పాత బళ్లలో అయితే కార్బరేటరూ ఆరబెట్టించి, ఆయిల్ దించి, అదే గ్రేడు చవకది పోసి కాసేపు తిప్పి దించేయండి. దించిన ఆయిల్లో తెలుపు పోయేదాకా అలాగే చేయాలి.

సార్వా, దాళ్వా వరి కోతలప్పుడు రోడ్ల మీద నూర్పిడి దుమ్ము లేస్తుంది. ఆ రోజుల్లో ఎయిర్ ఫిల్టరు కూడా చూడండి. స్పాంజిదైతే సబ్బు నీళ్లతో ఉతికి, నీడన ఆరబెట్టి, ఆయిల్ అద్ది పిండాలి. జిడ్డుగా ఉండే కాగితందైతే గాలి కొట్టకూడదు, మార్చేయడమే.

దించిన ఆయిల్ని కాలవలో గానీ గట్టు మీద గానీ పోయకండి. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ కాలవ నీళ్లే ఊళ్లో మంచినీళ్ల చెరువులోకి వెళ్తాయి. రొయ్యల చెరువు మీద ఆయిల్ తెట్టు కడితే నీటికి గాలి అందదు. ఖాళీ అయిన కొత్త సీసాలోనే నింపి, మూత బిగించి, లేబుల్ చింపేసి, పాత ఆయిల్ పోగుచేసే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి. లేబుల్ ఉన్న సీసా నకిలీ ఆయిల్ నింపేవాళ్ల చేతికి చిక్కుతుంది.