బోరు సెన్సార్ సిగ్నల్: చెలకలో పట్టి, బల్ల మీద మళ్లీ ఆడించడం

నల్లగొండ చెలకల్లో మోటార్ ఎత్తుకోగానే కంట్రోలర్ నీటిమట్టం తప్పు చూపిస్తే, ఆ సిగ్నల్‌ను పికోస్కోప్‌లో (ల్యాప్‌టాప్‌కు తగిలించే ఓసిల్లోస్కోప్) పట్టి షాపుకు తెచ్చుకోండి. 4–20 మిల్లీఆంప్ సెన్సార్ లైన్‌లో సిరీస్‌గా 100 ఓంల రెసిస్టర్ వేస్తే దాని మీద 0.4–2 వోల్టులు వస్తాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి. 415 వోల్టుల ఫేజుకు ప్రోబ్ అస్సలు తగలొద్దు. ట్రిగ్గర్ (రికార్డును మొదలుపెట్టే సంకేతం) సింగిల్, అంటే ఒక్కసారే; ప్రీ-ట్రిగ్గర్, అంటే దానికి ముందు భాగం, 20 శాతం; నిడివి 2 సెకన్లు. బొమ్మగా కాదు, పీఎస్‌డేటా (పికోస్కోప్ సొంత డేటా) ఫైల్‌గా సేవ్ చేయండి. బొమ్మను మళ్లీ ఆడించలేం.

షాపులో ఆ ఫైల్ తెరిచి, సిగ్నల్ పట్టిన ఛానల్‌ను స్కోప్‌లోని ఆర్బిట్రరీ జనరేటర్‌లోకి (పట్టిన ఆకారాన్నే మళ్లీ వోల్టేజ్‌గా పంపే భాగం) ఇంపోర్ట్ చేసి, 2 సెకన్లకు ఒక చుట్టు కాబట్టి ఫ్రీక్వెన్సీ 0.5 హెర్ట్జ్ పెట్టండి. 1 పెడితే రెట్టింపు వేగంతో ఆడుతుంది, లోపం దొరకదు. జనరేటర్ ఔట్‌పుట్‌ను కంట్రోలర్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి; ఆ ఇన్‌పుట్ వోల్టేజ్ మోడ్‌లో ఉండాలి. 100 ఓంల రెసిస్టర్ ఆ ఇన్‌పుట్‌కు అడ్డంగా మిగిలిపోతే, 600 ఓంల ఔట్‌పుట్ ఉన్న స్కోప్‌లో 2 వోల్టులు 0.29కి పడిపోతాయి.