సినాప్సిస్ రాయకముందు: ఓరుగల్లు ప్రాంత పరిశోధకులకు

పిహెచ్‌డీలో ప్రవేశం దొరికిన నాటి నుంచి మన విద్యార్థులు అందరికంటే ముందు వెతుక్కునేది శీర్షిక. "వరంగల్ జిల్లాలో పత్తి రైతుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు: ఒక పరిశీలన" అనో, "ప్రాథమిక పాఠశాలల్లో బోధన సమస్యలు: ఒక అధ్యయనం" అనో ఒక వాక్యం కుదిరితే సగం పని ముగిసినట్టే భావిస్తారు. గైడ్ తల ఊపితే సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) టైపింగుకు వెళ్తుంది. అసలు చిక్కు రెండేళ్ల తరువాత, నాలుగు వందల ప్రశ్నావళులు నింపి, పట్టికలు వేసి, వాటి కింద ఏం రాయాలో తోచనప్పుడు బయటపడుతుంది. ఆ శీర్షికలో స్థలం ఉన్నది, మనుషులు ఉన్నారు, తేల్చవలసిన సంగతి మాత్రం లేదు. ఆ సంగతిని ముందుగానే ఒక ప్రశ్నగా మలచుకోవడం ఎలాగో, ఆ ప్రశ్న మిగతా పనినంతా ఎలా నిర్ణయిస్తుందో ఇక్కడ వివరిస్తాను. విజ్ఞాన శాస్త్రానికైనా, సామాజిక శాస్త్రానికైనా, విద్యాశాస్త్రానికైనా, కళలకైనా ఈ పని తప్పదు. మారేది సాక్ష్యం స్వభావం.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది

పత్తి రైతుల శీర్షికనే తీసుకుందాం. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో ఒక వారం పాటు తెల్లవారగానే వెళ్లి నిలబడితే "స్థితిగతులు" అనే పెద్ద మాట చిన్న చిన్న సంగతులుగా విడిపోతుంది. ఎవరు ఏ అడ్తి (కమిషన్ దుకాణం) ముందు బస్తాలు దించుతున్నారు, ఎవరి తక్‌పట్టీలో (అమ్మకం చీటీలో) పాత బాకీ కోత పడుతున్నది, కౌలుకు చేసే రైతు తన పత్తిని ఎవరి పేరు మీద అమ్ముతున్నాడు అన్నవి కంటికి కనబడే విషయాలు. వీటిలో ఒక్కదాన్ని పట్టుకొని, "పెట్టుబడికి అడ్తిదారు వద్ద అప్పు తెచ్చుకున్న రైతుకు, అప్పు లేని రైతు కంటే క్వింటాలుకు తక్కువ ధర పడుతున్నదా?" అని అడిగితే అది ప్రశ్న అవుతుంది. దానికి "లేదు" అనే జవాబు కూడా రావడానికి వీలున్నది. జవాబు ముందే తెలిసిపోయే ప్రశ్నను, అంటే "రైతులకు సమస్యలు ఉన్నాయా?" వంటి దానిని, పరిశోధించవలసిన అవసరం లేదు.

ప్రశ్న రాసిన వెంటనే దానిని పడగొట్టగల ఇతర కారణాలను కూడా రాసుకోవాలి. భారత పత్తి సంస్థ మద్దతు ధరకు పత్తి కొనేటప్పుడు తేమను 8 నుంచి 12 శాతం వరకే ఒప్పుకుంటుంది. 8 శాతం దాటిన కొద్దీ ధర తగ్గుతుంది, 12 దాటితే కొనదు. ప్రైవేటు వ్యాపారి కూడా చేతిలోకి తీసుకొని తేమ చూసే ధర చెబుతాడు. అప్పు ఉన్న రైతు బాకీ తీర్చే తొందరలో ఆరబెట్టకుండా తెస్తే, అతనికి ధర తగ్గినది అప్పు వల్లనా, తేమ వల్లనా? మొదటి ఏరుడు పత్తిని చివరి ఏరుడు పత్తితో పోల్చినా ఇదే చిక్కు. కాబట్టి అమ్మిన తేదీ, తేమ శాతం, ఎన్నో ఏరుడు, పలికిన ధర, అప్పు మొత్తం, భూమి సొంతమా కౌలా అనే గళ్లు పట్టికలోకి వాటంతట అవే వచ్చి చేరతాయి. ఇంటి కప్పు పెంకుదా రేకుదా అన్న గడి ఈ ప్రశ్నకు అక్కరలేదు. పాత సిద్ధాంత గ్రంథంలోని ప్రశ్నావళిని యథాతథంగా దించుకొనేవారికి ఈ తేడా ఎన్నటికీ తెలియదు.

పూర్వ పరిశోధనల సమీక్ష కూడా ఈ దశలోనే జరగాలి. శోధగంగలో (సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ నిధిలో) వెతికేటప్పుడు తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ లిపిలోనూ, ఊరి పేరుకు ఉన్న అన్ని వర్ణక్రమాలతోనూ వెతకాలి. హనుమకొండ, హన్మకొండ, అనుమకొండ అన్నవి మూడూ గ్రంథాలలో కనిపిస్తాయి. దొరికిన ప్రతి గ్రంథంలోనూ ముగింపు అధ్యాయం కంటే ముందు పద్ధతి అధ్యాయం చదవడం మంచిది. ఎవరిని, ఎప్పుడు, ఎట్లా అడిగారో తెలియకుండా వారి ఫలితాన్ని ఉదహరిస్తే వారి పొరపాటును కూడా మనం మోయవలసి వస్తుంది.

ఏ వరంగల్ జిల్లా?

గణాంకాలతో పనిచేసే మన ప్రాంతపు విద్యార్థులు తప్పకుండా చిక్కుకునే ఒక గుంట ఉన్నది. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. పాత వరంగల్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఏర్పడ్డాయి. ఆ భూపాలపల్లి నుంచే తరువాత ములుగు విడిపోయింది. 2021లో అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. అంటే 2011 జనాభా లెక్కలలోని "వరంగల్ జిల్లా"కూ నేటి "వరంగల్ జిల్లా"కూ పేరు తప్ప పోలిక లేదు.

పాత జిల్లాను ముక్కలు చేశారు కనుక ముక్కలన్నీ కలిపితే పాత జిల్లా వస్తుందని కొందరు లెక్క వేస్తారు. అది కూడా తప్పే. పాత కరీంనగర్ జిల్లాలోని కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మండలాలు ఇటు వచ్చాయి. చేర్యాల, మద్దూరు సిద్దిపేటకు వెళ్లాయి. ఖమ్మం వైపున్న వాజేడు, వెంకటాపురం ఇప్పుడు ములుగులో ఉన్నాయి. పదేళ్ల మార్పును చూపదలచినవారు జిల్లాను వదిలి గ్రామాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. 2011 లెక్కలలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక కోడ్ ఉన్నది. ఆ కోడ్ పక్కన పాత మండలం, కొత్త మండలం, కొత్త జిల్లా రాసుకొని ఒక పట్టిక తయారు చేసుకుంటే, ఆ తరువాత ఏ శాఖ ఇచ్చిన లెక్కనైనా అందులో కూర్చోబెట్టవచ్చు. ఈ పట్టికకు పదిహేను రోజులు పట్టినా వ్యర్థం కాదు. సినాప్సిస్‌లో "వరంగల్ జిల్లా" అన్న మాట మొదటిసారి వచ్చిన చోటనే అది ఏ సంవత్సరపు సరిహద్దో చెప్పాలి.

ఎంతమందిని, ఏ మాటలతో అడగాలి

సామాజిక శాస్త్ర గ్రంథాలలో నమూనా సంఖ్య నాలుగు వందలకు దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం కాదు. మొత్తం జనాభాను, ఆ జనాభాను దోష పరిమితి (ఫలితంలో మనం ఒప్పుకునే తేడా) వర్గంతో గుణించి ఒకటి కలపగా వచ్చిన సంఖ్యతో భాగించే యమానే సూత్రాన్ని అందరూ వాడతారు. 5 శాతం దోష పరిమితితో 2,000 మంది ఉన్నచోట 333 వస్తుంది. జనాభా ఎంత పెరిగినా అది 400 దాటదు. అయితే ఆ సూత్రం అందరి పేర్లూ ఉన్న జాబితా నుంచి లాటరీ పద్ధతిలో ఎంచుకున్నప్పుడే వర్తిస్తుంది. రచ్చకట్ట మీద దొరికిన నాలుగు వందల మందిని అడిగి ఆ సూత్రాన్ని ఉదహరించడం కేవలం అలంకారం. జాబితా దొరకనప్పుడు దొరకలేదని చెప్పి, అరవై మందితోనే లోతుగా మాట్లాడి, దానికి తగిన మేరకే నిర్ధారణ చేయడం గౌరవప్రదమైన పని.

భాష ఇంకా పెద్ద సమస్య. ఇంగ్లిష్‌లో తయారైన ప్రశ్నావళిని గ్రాంథికపు తెలుగులోకి మార్చి "మీ జీవన ప్రమాణం పట్ల మీ సంతృప్తి స్థాయి" అని అడిగితే, నర్సంపేట దగ్గరి రైతు మర్యాదకు "మంచిగనే ఉన్నది సారూ" అంటాడు. మనం "సంతృప్తి" గడిలో టిక్కు పెట్టుకొని వస్తాము. "పోయినేడు కంటే ఈయేడు చేతిల ఏమన్న మిగిలిందా?" అని అడిగితే అతను లెక్క చెబుతాడు. నెలను ఇంగ్లిష్ పేరుతో అడగకుండా, మృగశిర కార్తెకు ముందు విత్తనం పెట్టారా, తరువాతనా అని అడగాలి. భూమిని ఎకరాలు, గుంటలలో రాసుకొని, ఇంటికి వచ్చాక 40 గుంటలకు ఎకరం చొప్పున హెక్టార్లలోకి మార్చుకోవాలి. ప్రశ్నావళి ముద్రించకముందే, నమూనాలో లేని ఊళ్లో పదిహేను ఇరవై మందితో పరీక్షించి, వారు ఎక్కడ ఆగి "అంటే ఏంది?" అన్నారో ఆ ప్రశ్నలను తిరగరాయాలి.

బడిలో పరిశోధన

విద్యాశాస్త్రంలో ఎక్కువగా కనిపించే నమూనా, ఒక సెక్షన్‌ను ప్రయోగ సమూహంగా, మరొకదానిని నియంత్రిత సమూహంగా పెట్టి, కొత్త బోధన పద్ధతికి ముందూ తరువాతా పరీక్ష పెట్టడం. రెండు సెక్షన్లకూ ఇద్దరు వేర్వేరు ఉపాధ్యాయులు ఉంటే మనం కొలిచేది పద్ధతినా, ఉపాధ్యాయుడినా అన్నది తేలదు. పరిశోధకురాలే ఒక సెక్షన్‌కు స్వయంగా చెబితే ఆమె ఉత్సాహం కూడా మార్కులలో కలుస్తుంది. వీలైతే ఒకే ఉపాధ్యాయుడు రెండు సెక్షన్లకూ చెప్పాలి, లేదా సగం కాలం గడిచాక సమూహాలను తారుమారు చేయాలి.

ములుగు, మహబూబాబాద్ జిల్లాల బడులలో ఇంకొక జాగ్రత్త కావాలి. ఇంట్లో కోయ భాషో లంబాడీ భాషో మాట్లాడే పిల్లవాడు తెలుగు పాఠాన్ని గడగడా చదివి, అందులో ఏమున్నదో చెప్పలేకపోవచ్చు. ధారాళతను, అర్థగ్రహణాన్ని వేరువేరుగా కొలవాలి. అర్థం చెప్పమన్నప్పుడు వాళ్ల భాషలో చెప్పనివ్వాలి. అందుకు ఆ భాష వచ్చినవారు పక్కన ఉండాలి. క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందని పరీక్ష పత్రం సరైనదైపోదు. ఆ సంఖ్య ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయని మాత్రమే చెబుతుంది, ఆ దిక్కు మనం కోరినదేనని చెప్పదు. జిల్లా విద్యాధికారి అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

చెరువు నీళ్లు, శాసనాలు, నాట్యం

ప్రయోగశాల శాస్త్రాలవారికి పద్ధతి ముందే నేర్పుతారు కనుక ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. భద్రకాళి చెరువునో ధర్మసాగర్‌నో తీసుకొని నీటి నాణ్యతను చూసేవారు పీహెచ్‌ను ఒడ్డు మీదనే కొలవాలి. కరిగిన ఆక్సిజన్ కోసం వింక్లర్ పద్ధతి రసాయనాలను అక్కడే సీసాలో వేసి స్థిరపరచాలి. ఫ్లోరైడ్ నమూనాకు గాజు సీసా పనికిరాదు, పాలిథీన్ సీసా వాడాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రామ్ వరకు ఆమోదయోగ్యమని, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణం చెబుతున్నది; వానలకు ముందూ తరువాతా రెండు రుతువులలోనూ చూడకుండా ఆ గీతకు ఇటో అటో అని తీర్పు చెప్పకూడదు.

కళలు, చరిత్ర చదివేవారికి ప్రశ్న ఉండదని, వర్ణన చాలునని ఒక అభిప్రాయం ఉన్నది. నాకది సరికాదనిపిస్తుంది. రామప్ప గుడిని 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళాధిపతి) జాయప సేనాని ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని రాశాడు. గత శతాబ్దంలో నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ ఆ శిల్పాలనూ ఆధారం చేసుకొని పేరిణి నాట్యాన్ని పునరుద్ధరించారు. నేటి పేరిణిలోని ఒక్కొక్క భంగిమను తీసుకొని, ఇది గ్రంథంలో ఉన్నదా, శిల్పంలో ఉన్నదా, రెంటిలోనూ లేక వేదిక అవసరానికి ఇటీవల చేరినదా అని అడగవచ్చు. అప్పుడు ప్రతి ఫొటోకూ స్తంభం సంఖ్య, ముఖం దిక్కు, తీసిన వేళ రాసుకోవలసిన అవసరం దానంతట అదే కలుగుతుంది.

శాసనాల తేదీల విషయంలో ఒక చిన్న హెచ్చరిక. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరికీ తెలుసు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం తేదీ శక 1084, చిత్రభాను నామ సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి. 78 కలిపితే 1162 వస్తుంది. శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ సంవత్సరం మారిపోతుంది కనుక ఆ రోజు 1163 జనవరి 19 అవుతుంది. పుష్య మాసం నుంచి ఫాల్గుణం వరకు ఏ తేదీనైనా శాసనంలోని వారం పేరుతో సరిచూసుకోకుండా రాయకూడదు.

టైపింగు, నకలు, ప్రచురణ

తెలుగులో గ్రంథం రాసేవారు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో టైపు చేయాలి. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్ల ఫైలును కంప్యూటర్ తెలుగుగా గుర్తించదు. అందులో వెతకడం కుదరదు, నకలు పరీక్ష చేసే సాఫ్ట్‌వేర్‌కు అది అర్థంలేని అక్షరాల గుట్ట. చివరి నెలలో మార్పిడి చేయిస్తే ఒత్తులు చెదిరి, ఆరువందల పేజీలు మళ్లీ చదవవలసి వస్తుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 60 వరకు ఉంటే ఏడాది పాటు సమర్పించడానికి వీలుండదు. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పది శాతం లోపల ఉన్నదని ఎవరి పేరాగ్రాఫ్‌నైనా ఉదహరించకుండా వాడుకోవచ్చని దాని అర్థం కాదు.

సమర్పణకు ముందు వ్యాసం అచ్చు వేయించి తీరాలన్న షరతును 2022 నిబంధనలు తొలగించాయి. మీ విశ్వవిద్యాలయం సొంత నియమం ఏమిటో వేరుగా చూసుకోవాలి. తాను గుర్తించిన పత్రికల "కేర్" జాబితాను కూడా యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తివేసింది. డబ్బు కట్టిన మూడో రోజున వ్యాసం అంగీకరించే పత్రికను ఇక మనమే గుర్తుపట్టి దూరంగా ఉండాలి.

మిగిలినది క్యాలెండర్. కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ప్రశ్న చేతికి వచ్చాక దానికి సాక్ష్యం ఏ నెలల్లో దొరుకుతుందో ఒక కాగితం మీద గీసుకోవాలి. పత్తి దసరా తరువాత మార్కెట్‌కు వస్తుంది, సంక్రాంతి దాటితే పలుచబడుతుంది. చెరువు నీటికి మే, నవంబర్ కావాలి. బడిలో ప్రయోగం జూలైలో మొదలుపెట్టకపోతే పరీక్షల కాలం అడ్డు వస్తుంది. మేడారం మీద పనిచేసేవారికి జాతర రెండేళ్లకు ఒకసారే, మాఘమాసంలో నాలుగు రోజులే. మొదటి జాతర నాటికి ప్రశ్న సిద్ధంగా లేకపోతే రెండోదాని కోసం రెండేళ్లు ఆగవలసి వస్తుంది.