నాటిన పైన్ తోటల్లో జింకల వేట: చెట్ల వయసును బట్టి మాటు ఎంచుకోవడం

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలైన జార్జియా, అలబామా, మిసిసిపీల్లో కలప కోసం నాటిన లాబ్లాలీ పైన్ తోటలు లక్షలాది ఎకరాల్లో విస్తరించి ఉన్నాయి. దారిన పోయేవారికి అన్నీ ఒకేలా కనిపించే ఈ తోటల్లో తెల్లతోక జింక ఎక్కడ మేస్తుందో, ఎక్కడ పడుకుంటుందో తెలియాలంటే మొదట చూడవలసింది చెట్ల వయసు.

నాటిన తొలి మూడు నాలుగేళ్లు నేలపై ఎండ ధారాళంగా పడుతుంది కనుక బ్లాక్‌బెర్రీ పొదలు, గ్రీన్‌బ్రయర్ తీగలు, రకరకాల లేత మొక్కలు పెరిగి జింకలకు మంచి మేత దొరుకుతుంది. సుమారు 6 నుంచి 10 ఏళ్ల మధ్య కొమ్మలు కలిసిపోయి నేలంతా నీడ కమ్ముతుంది. అప్పుడు మేత తగ్గినా, ఆ గుబురు పగటిపూట దాగి పడుకోవడానికి అనువుగా ఉంటుంది. 12 నుంచి 18 ఏళ్ల మధ్య తొలిసారి చెట్లను పలచన చేసినప్పుడు ఎండ మళ్లీ నేలకు దిగి, దానితోపాటు మేత కూడా తిరిగి వస్తుంది. ఆ పైన రెండు మూడేళ్లకోసారి నేలపై పొదలను అదుపులో ఉంచిన మంటతో కాల్చే తోట అయితే లేత చిగుళ్లకు కొదవ ఉండదు.

చాలామంది గుబురు తోట నడుమకు వెళ్లి కూర్చుంటారు. అక్కడ పది గజాల అవతల ఏమీ కనిపించదు. పైగా పడుకున్న జింకను మనమే లేపి తరిమినట్లవుతుంది. నా దృష్టిలో సరైన చోటు రెండు వయసుల తోటలు కలిసే అంచు. అంతకన్నా మేలైనది, నీటిని కాపాడడం కోసం వాగు వెంట నరకకుండా వదిలిన ఓక్ చెట్ల పట్టీ. శరదృతువులో ఓక్ కాయలు రాలుతున్నప్పుడు జింకలు ఆ పట్టీ చాటునే గుబురు నుంచి మేతకు నడుస్తాయి. గిట్టల జాడలు, మగజింకలు కొమ్ములతో రుద్దగా బెరడు ఊడిన చిన్న చెట్లు అవి నడిచే దారిని పట్టిస్తాయి. పలచన చేసేటప్పుడు యంత్రాలు వెళ్లడానికి పూర్తిగా తీసేసిన వరుసలు చూపు దూరం సాగే సందులుగా మిగులుతాయి కనుక, వాటిలో ఒకటి జింకల దారిని అడ్డంగా దాటే చోటు దొరికితే అక్కడ తప్పక మాటు వేయాలి.

గాలి మాత్రం ఎప్పుడూ జింకలు రాగలవనుకునే దిక్కు నుంచి మన వైపు వీచాలి. గాలి అనుకూలంగా లేని రోజున ఎంత మంచి చోటునైనా వదిలి మరో అంచుకు వెళ్లడమే తెలివైన పని.

నిటారుగా, కింది కొమ్మలు లేకుండా పెరిగిన పైన్ మాను ఎక్కుడు మంచెకు, అంటే మానుకు బిగించి దానితోపాటే పైకి ఎక్కే మంచెకు, చక్కగా సరిపోతుంది. మేకులు, మరలా తిప్పి బిగించే లోహపు మెట్లు మానులోకి దించకూడదు. లోహం రంపాలను పాడు చేస్తుంది కనుక తోట యజమానులు దీన్ని ఒప్పుకోరు. నేల విడిచిన క్షణం నుంచి తిరిగి దిగేదాకా ఒంటికి రక్షణ పట్టీ కట్టుకునే ఉండాలి. గుబురు తోట అంచున మరీ ఎత్తుకు ఎక్కితే కొమ్మలే చూపుకు అడ్డు వస్తాయి.

యజమాని అనుమతి లేదా కౌలు ఒప్పందం, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు లేకుండా తోటలో అడుగు పెట్టకూడదు. తుపాకి వేట కాలంలో జార్జియాలో నడుముకు పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు బట్ట ధరించాలి. వరుసల మధ్య మరో వేటగాడు మిమ్మల్ని గుర్తించేది ఆ రంగుతోనే.

జింక పక్కకు తిరిగి నిలిచినప్పుడు, భుజం వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటికే గురి పెట్టాలి. దాని వెనుక ఏముందో తెలియకుండా కాల్చరాదు. గుండు తగిలిన జింక గుబురులోకి పరుగెత్తితే వెంటనే వెంబడించక, కాల్చినప్పుడు అది నిలిచి ఉన్న చోటును, చివరిసారి కనిపించిన వరుసను గుర్తు పెట్టుకుని కనీసం అరగంట ఆగాలి. రాలిన పైన్ ఆకుల మీద రక్తపు చుక్కలు సులభంగా కంటపడవు. అందువల్ల దొరికిన ప్రతి చుక్క దగ్గర రంగు పట్టీ కట్టి, జాడ తెగిన చోట అటూ ఇటూ ఒక్కొక్క వరుసే వెతుకుతూ వెళ్లాలి.