మనవరాలి స్నాతకోత్సవం రోజున కొరియా హల్మొని యుద్ధ జ్ఞాపకాన్ని ఎలా రికార్డు చేయాలి?

కొరియాలో ఫిబ్రవరి స్నాతకోత్సవాల నెల. మార్చిలో కొత్త చదువుల ఏడాది మొదలవుతుంది కాబట్టి బడి పిల్లల నుంచి విశ్వవిద్యాలయ విద్యార్థుల దాకా చాలామంది ఆ చలిలోనే పట్టాలు పుచ్చుకుంటారు. పూలగుత్తులు, ఫొటోలు, ఆపైన నల్లని జాజంగ్‌మ్యొన్ నూడుల్స్ భోజనం, ఇలా ఇంటిల్లిపాదీ ఒకచోట చేరే రోజది. ఆ చేరినవారిలో ఎనభై అయిదు దాటిన హల్మొని, అంటే మన అమ్మమ్మో నానమ్మో, ఉన్నారంటే ఉత్తర, దక్షిణ కొరియాల మధ్య 1950లో మొదలైన యుద్ధాన్ని కళ్లారా చూసినవారిలో ఆ ఇంట మిగిలింది బహుశా ఆమె ఒక్కరే. సియోల్ దగ్గరి సువాన్‌లో కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి మా అత్తవారింట్లోనూ, స్నేహితుల ఇళ్లలోనూ, మన తెలుగు విద్యార్థులను స్నాతకోత్సవ భోజనానికి పిలిచిన కుటుంబాలలోనూ కలిపి పద్నాలుగుసార్లు ఇలాంటి పెద్దల మాటలను రికార్డు చేశాను. చేయబోయి పాడుచేసినవారిని అంతకు రెట్టింపు మందిని చూశాను. పాడైన ఈ మాట మళ్లీ దొరకదు కాబట్టి, కొరియా ఇళ్లలో సంబంధాలూ స్నేహాలూ ఉన్న మనవారి కోసం నా పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

పరికరాల గురించి చెప్పవలసింది తక్కువ. నిండుగా ఛార్జింగు ఉన్న ఒక ఫోను, గిన్నెల చప్పుడు ఎక్కకుండా దాని కింద మడతపెట్టిన తువ్వాలు, ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు ఉంటే చాలు. ఫోన్ కాల్స్ రాకుండా చూసుకోవాలి. వీడియో మాత్రం తీయకూడదు. కెమెరా కనబడగానే పెద్దవారు జుట్టు సర్దుకుని, టీవీ కార్యక్రమాలలో విని ఉన్న వాక్యాలనే తిరిగి చెబుతారు. గొంతు ఒక్కటే రికార్డవుతోందని తెలిస్తే తమ మాటలు తాము మాట్లాడతారు. రికార్డు చేస్తున్న సంగతిని వారం ముందే, పట్టా పుచ్చుకోబోయే మనవరాలే, "మీ బడి రోజుల సంగతులు వినాలని ఉంది హల్మొని, రికార్డు చేసుకోనా" అని అడిగి ఒప్పించాలి. చాటుగా రికార్డు చేసిన దానిని నేను చెవిన పెట్టను.

చుసొక్ అనే పంటల పండుగకో, సొల్లాల్ అనే చాంద్రమాన కొత్త సంవత్సరానికో అందరూ కలుస్తారు కదా, అప్పుడు అడిగితే సరిపోదా అని చాలామంది అంటారు. సరిపోదు. ఆ పండుగల్లో ఉదయం పితృదేవతల పూజ ఉంటుంది, ఆడవారంతా వంటగదిలో ఉంటారు, పెద్ద మామలు మాటను తమవైపు తిప్పుకుంటారు. స్నాతకోత్సవం ఒక్కటే చదువు చుట్టూ తిరిగే రోజు. యుద్ధం ఆ తరం ఆడపిల్లల దగ్గర మొట్టమొదట లాక్కున్నది చదువునే కాబట్టి, ఆ రోజున ఆ తలుపు సగం తెరిచే ఉంటుంది.

ఇక చేయవలసిన పని. పట్టా పుచ్చుకున్న పిల్లలు తమ గౌనునూ, హక్సమో అనే పలక టోపీనీ తల్లిదండ్రులకూ అవ్వాతాతలకూ తొడిగి ఫొటో దిగడం కొరియాలో మామూలే. గౌను సాధారణంగా తిరిగి ఇచ్చేయాలి, కాబట్టి వేడుక ముగియగానే హల్మొనికి తొడిగి ఫొటో తీయాలి. అక్కడ ఏమీ అడగకూడదు. తర్వాత జాజంగ్‌మ్యొన్ తినాలి. బఫే హోటళ్లకు తీసుకుపోవడం ఈ మధ్య ఎక్కువైంది గానీ, ఆ గోలలో ఏ పెద్దావిడా నోరు విప్పగా నేను చూడలేదు. భోజనం దగ్గర కూడా ఫోను తీయవద్దు. ఇంటికి రావాలి, వెచ్చని నేల మీద కూర్చోవాలి, హల్మొని చేతికి ఒక పని ఇవ్వాలి. ఒలవడానికి వెల్లుల్లి గానీ చెక్కు తీయడానికి పండ్లు గానీ ఇస్తే చేతులు కదులుతుంటాయి, చూపు కిందికి ఉంటుంది, ఎదుటివారి ముఖం చూడవలసిన పని ఉండదు. గదిలో ముగ్గురికి మించి ఉండకూడదు. నలభై నిమిషాలు దాటకూడదు.

మొదటి ప్రశ్నలో యుద్ధం అన్న మాట రాకూడదు. జూన్ 25న మొదలైంది కాబట్టి కొరియన్లు ఆ యుద్ధాన్ని యుగియో, అంటే ఆరు-రెండు-అయిదు, అని అంకెలతోనే పిలుస్తారు. ఆ మాట వింటే చాలు, పాఠ్యపుస్తకంలోని యుద్ధం ముందుకొచ్చి ఇంటి యుద్ధాన్ని కప్పేస్తుంది. అడగవలసిన ప్రశ్న ఇది: "హల్మొని, బడి ఆగిపోయినప్పుడు మీరు ఏ తరగతి?" ఆమె ఆ బడిని గుక్మిన్ హక్యో అంటారు. ప్రాథమిక పాఠశాలకు ఆ పేరు 1996లోనే పోయినా, రాసేటప్పుడు ఆమె అన్నమాటే రాయాలి. అక్కడి నుంచి బడికి వెళ్లే దారి, పక్కన కూర్చున్న పిల్ల పేరు, ఇంటి ముందరి చెట్టు, బావి, చిన్నప్పటి ముద్దుపేరు, ఒంటి మీది మచ్చలు అడగాలి. ఇవి నేను కల్పించుకున్న ప్రశ్నలు కావు. 1983లో జూన్ 30 నుంచి నవంబరు 14 వరకు 138 రోజుల పాటు కేబీఎస్ టీవీ విడిపోయిన కుటుంబాలను కలిపే కార్యక్రమాన్ని ప్రసారం చేసినప్పుడు, పదివేలకు పైగా కలయికలు ఇలాంటి గుర్తుల ఆధారంగానే జరిగాయి. ముప్పై ఏళ్లు ఎడబాటులో ఉన్న అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు పోల్చుకున్నది తేదీలతో కాదు, కాలి మీది మచ్చతో, పెరటి చెట్టుతో.

తేదీలు నిలదీసి అడగవద్దు. ఆ తరంవారి లెక్క చాంద్రమానం, వయసేమో పుట్టగానే ఒక ఏడు అన్న పాత లెక్క. కాగితాల మీది పుట్టినరోజు వేరుగా ఉండవచ్చు, ముఖ్యంగా ఉత్తరం నుంచి వచ్చి యుద్ధం తర్వాత కొత్తగా కుటుంబ నమోదు చేయించుకున్నవారికి. పంటనూ పండుగనూ అడిగితే తేదీని మనమే కట్టుకోవచ్చు. 1950లో చుసొక్ సెప్టెంబరు 26న వచ్చింది, రెండు రోజులకు సియోల్ మళ్లీ దక్షిణ సైన్యం చేతికి వచ్చింది. కాబట్టి "పండుగకు మేము ఇంకా దాక్కునే ఉన్నాం" అంటే ఏ వారమో తెలిసిపోతుంది. "గడ్డకట్టిన నదిని దాటాం, సొల్లాల్ ఇంకా రాలేదు" అంటే అది సియోల్‌ను మళ్లీ వదులుకున్న 1951 జనవరి 4 నాటి వెనకడుగు, ఆ ఏడాది సొల్లాల్ ఫిబ్రవరి 6న. "ఓడలో నిలబడే వచ్చాం" అంటే ఉత్తరాన ఉన్న హంగ్నమ్ రేవు కావచ్చు. 1950 డిసెంబరులో అక్కడి నుంచి మెరెడిత్ విక్టరీ అనే ఒక్క సరుకు ఓడలోనే దాదాపు 14,000 మంది గొజె ద్వీపానికి చేరారు, దారిలో అయిదుగురు బిడ్డలు పుట్టారు. ఇవన్నీ మీకు తెలిసి ఉండాలి, కానీ ఆమె మాటకు అడ్డుపడి చెప్పకూడదు.

ఇక్కడి వరకు ఎవరైనా చేయగలరు. పాడయ్యేదంతా దీని తర్వాతి మెట్టు దగ్గరే.

బడి గురించీ దారి గురించీ ధారాళంగా చెబుతున్న హల్మొని ఒకచోట ఆగిపోతారు. సాధారణంగా ఒక మనిషి పేరు దగ్గర ఆగుతారు, అన్నయ్యో, నాన్నో, పినతండ్రో. చేతిలోని వెల్లుల్లి కూడా ఆగుతుంది. ఆ క్షణాన పక్కనున్నవారు నూటికి తొంభై పాళ్లు చేసే తప్పు, "అప్పుడు ఏమైంది?" అనడం. అంతకంటె ఘోరమైనది, "ఆయన తనంతట తాను ఉత్తరానికి వెళ్లారా, వాళ్లు పట్టుకుపోయారా?" అని అడగడం. చదువుకున్న పిల్లలే ఈ ప్రశ్న అడుగుతారు, ఎందుకంటే వారి దృష్టిలో అది చరిత్రకు సంబంధించిన మామూలు వివరం. హల్మొని చెవికి మాత్రం అది పోలీసు ప్రశ్న. స్వచ్ఛందంగా వెళ్లినవారిని వొల్బుక్ అనీ, బలవంతంగా తీసుకుపోబడినవారిని నప్‌బుక్ అనీ వేరుచేసి, మొదటి మాట పడ్డ మనిషి బంధువులందరినీ దక్షిణ ప్రభుత్వం దశాబ్దాల పాటు అనుమానపు జాబితాలో ఉంచింది. యొంజ్వజె అనే ఆ బంధుదోషం వల్ల ప్రభుత్వోద్యోగాలూ, సైనిక అకాడమీలూ, విదేశీ ప్రయాణాలూ ఆ ఇళ్ల పిల్లలకు అందకుండా పోయాయి. 1980 నాటి రాజ్యాంగం దానిని నిషేధించింది గానీ, అప్పటికే ముప్పై ఏళ్లు గొంతు తగ్గించి బతికిన మనిషికి ఆ అలవాటు చట్టంతో పోదు. ఇంకొన్ని ఇళ్లలో ఆ అన్నయ్య ఉత్తరానికి వెళ్లనే లేదు. వామపక్షులని అనుమానించినవారిని ప్రభుత్వమే చేర్పించిన బొదొ యొన్‌మేంగ్ అనే సంఘంలో పేరు నమోదై ఉన్నందుకు 1950 వేసవిలో తమ వైపు పోలీసులూ సైనికులే తీసుకుపోయి చంపారు. 2005లో ఏర్పడిన సత్య, సయోధ్య కమిషన్ విచారణ జరిపేదాకా ఆ ఇళ్లవారు పైకి ఏడ్వడానికి కూడా భయపడ్డారు.

ఇప్పుడు ఆమె ఎదుట కూర్చున్నది ఎవరో గుర్తుచేసుకోండి. ఈ రోజే పట్టా పుచ్చుకుని, రేపటి నుంచి ఉద్యోగం వెతుక్కోబోయే మనవరాలు. హల్మొని మరిచిపోయి ఆగలేదు. ఆ పేరు పలికితే ఈ పిల్ల ఉద్యోగానికి ఎక్కడ అడ్డొస్తుందోనని ఆగుతారు. ఈ కారణాన్ని ఒక పెద్దావిడ నాకు నేరుగా చెప్పే వరకు నేనూ దానిని దుఃఖమనే అనుకున్నాను. అందుకే ఈ మెట్టు మీద ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒక ఇంట్లో మనవడు నా కళ్లముందే ఆ ప్రశ్న అడిగాడు. ఆవిడ "తెలియదు బాబూ" అని చేతిలోని కత్తిని పళ్లెంలో పెట్టేశారు. రెండేళ్ల తర్వాత పోయారు. ఈలోగా ఆ అన్నయ్య ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆ రికార్డింగులో ఆ మాట తర్వాత వినిపించేది గడియారం చప్పుడు మాత్రమే.

మరి ఏం చేయాలి? ముందుగా, మీరూ ఆగండి. ఫోను వంక చూడకండి, టీ పోయకండి, "పోనీలెండి" అని ఓదార్చకండి. మీ చేతిలోకి ఒక వెల్లుల్లి తీసుకుని ఒలవండి. రెండు మూడు నిమిషాలు గడిచినా ఫరవాలేదు. అప్పటికీ ఆమె మాట్లాడకపోతే ఒకే ఒక ప్రశ్న అడగవచ్చు: "ఆయనను చివరిసారి ఎక్కడ చూశారు?" దీనికి జవాబు ఒక గుమ్మమో, వంతెనో, రైలు పైకప్పో అవుతుంది. అందులో ఎవరి మీదా నేరం లేదు, ఎవరు ఏ పక్షమో తేల్చవలసిన అవసరమూ లేదు. అప్పటికీ చెప్పకపోతే అక్కడితో వదిలేసి బడి దగ్గరికి తిరిగి రావాలి. రెండోసారి అడగడం ఏ పరిస్థితిలోనూ కూడదు.

బడి దగ్గరికి తిరిగి రావడానికి నేను వాడే తాళంచెవి ఒకటుంది. కొరియాలో 1946 నుంచి తరతరాలు పాడిన స్నాతకోత్సవ గీతం అది. మొదటి చరణం కింది తరగతులవారిది, రెండో చరణం బడి విడిచి వెళ్లేవారిది, మూడోది అందరూ కలిసి పాడేది. స్వరం కట్టిన జొంగ్ సున్‌చొల్‌ను యుద్ధకాలంలోనే, 1950లో, ఉత్తరానికి తీసుకుపోయారు, ఆయన తిరిగి రాలేదు. "మీరు ఏ చరణం పాడారు హల్మొని?" అని అడిగితే చాలు. మా ఆయన నానమ్మ అయిదో తరగతిలో ఉండగా బడి మూతబడింది. పై తరగతివారిని సాగనంపుతూ మొదటి చరణం పాడారు, రెండోది పాడవలసిన ఏడాది దక్షిణ కొసనున్న బుసాన్‌లో నీళ్లు మోస్తున్నారు. మా ఆడపడుచు పట్టా పుచ్చుకున్న రోజు సాయంత్రం ఆమె ఆ రెండో చరణాన్ని మొదటిసారి పైకి పాడారు, పాడాక, అంతకుముందు ఆగిపోయిన చోటు నుంచి అన్నయ్య సంగతి తనంతట తానే చెప్పారు. ఆ గౌను, ఆ వెల్లుల్లి, ఆ మౌనం లేకుండా ఆ పాట వచ్చేది కాదని నా నమ్మకం.

తాతలకు, అంటే హరబొజిలకు, దారి వేరు. వారి దగ్గర చాలాసార్లు చెప్పి నునుపుదేలిన కథ ఒకటి సిద్ధంగా ఉంటుంది. దానిని పూర్తిగా విని, ఆ తర్వాత "మీ పుస్తకాల సంచీ ఏమైంది?" అని అడగాలి. బడి దుస్తుల్లోనే తుపాకీ పట్టిన విద్యార్థి సైనికులు ఎందరో ఉన్నారు. 1950 ఆగస్టు 11న పొహాంగ్ బాలికల పాఠశాల దగ్గర 71 మంది విద్యార్థులు నిలబడి పోరాడితే 48 మంది అక్కడే చనిపోయారు. అలా చదువు వదిలిపోయినవారికి కొన్ని బడులు దశాబ్దాల తర్వాత గౌరవ పట్టాలు ఇచ్చాయి. మీ ఇంటి హరబొజికి అలాంటిది ఉంటే మనవడి పట్టా పక్కన పెట్టి ఫొటో తీయండి.

రికార్డు చేసిన మాటను వారంలోగా కాగితం మీద పెట్టాలి. ఉత్తరాది హమ్‌గ్యొంగ్ యాసనో ప్యొంగాన్ యాసనో సియోల్ భాషలోకి దిద్దకూడదు. రాసింది హల్మొనికి చదివి వినిపించి, తీసేయమన్నది మారు మాట్లాడకుండా తీసేయాలి, రికార్డింగులో నుంచి కూడా. అచ్చు తీసిన కాగితాన్ని పలక టోపీ ఫొటోతో కలిపి ఒకే కవరులో పెట్టి, కవరు మీద తేదీ, ఆమె పేరు, ఆమె పుట్టిన ఊరి పేరు రాయాలి. ఆ ఊరు ఉత్తరాన ఉండి, ఇప్పటి పటాలలో పేరు మారిపోయి ఉంటే, ఆమె నోటితో పలికిన పేరునే రాయాలి.