మే 15 లోపు స్లాబు పడకపోతే: బడి గదులు కట్టేవాళ్లకు వేసవి జాగ్రత్తలు

ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా సర్కారు బడికి కొత్త గదులు కట్టాలంటే దొరికేది వేసవి సెలవులే. ఏప్రిల్ నాలుగో వారంలో పిల్లలు ఇళ్లకు వెళ్తారు, మామూలుగా జూన్ 12న మళ్లీ గంట కొడతారు. ఈ యాభై రోజుల్లోనే పిల్లర్లు లేవాలి, స్లాబు పడాలి, ప్లాస్టరింగూ సున్నమూ అయిపోవాలి అని పైనుంచి కిందిదాకా అందరూ తొందరపెడతారు. చాలా ఏళ్లు ఇలాంటి సైట్ల మీద గడిపాను. స్లాబు చెడిన చోటల్లా వెనక్కి తిరిగి చూస్తే సిమెంటు మంచిదే, ఇనుమూ మంచిదే. తేదీ తరుముకొచ్చింది, ఆ తొందరలో చెయ్యకూడనివి చేశారు.

ఇది ముఖ్యంగా బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా నడిచాయి. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు బడి మరమ్మతులు అప్పగించారు. ఇంజినీరు గారికి పది ఊళ్ల పనులుంటాయి, వారానికి ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్తారు. రోజూ ఆ దారిన నడిచేది మీరే.

ముందు క్యాలెండరు తీయండి

కాంక్రీటు బలాన్ని 28 రోజుల వయసు దగ్గర లెక్కగడతారు. జూన్ 12 నుంచి వెనక్కి 28 రోజులు లెక్కపెడితే మే 15 వస్తుంది. ఆ తర్వాత పోసిన స్లాబుకు బడి తెరిచేనాటికి పూర్తి వయసు రాదు.

స్లాబు గట్టిపడేదాకా కింద ఆసరాగా నిలబెట్టే జాకీలు తీసే లెక్క కూడా చూసుకోండి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన కోడ్ ఐఎస్ 456 ప్రకారం, ఆసరాల మధ్య 4.5 మీటర్లలోపు ఉన్న స్లాబు కింద జాకీలు 7 రోజులు, అంతకు మించిన స్లాబు కింద 14 రోజులు ఉండాలి. బీముల కిందైతే 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆ పైన 21 రోజులు. ఇవన్నీ మామూలు ఓపీసీ సిమెంటుకు చెప్పిన రోజులు. మన కొట్లలో ఎక్కువగా దొరికేది పీపీసీ. బూడిద కలిసిన ఆ సిమెంటు మొదట్లో నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగడమే మంచిది. తరగతి గది బీము 6 మీటర్లు దాటి ఉండి, మే 25న స్లాబు పోశారనుకోండి. 21 రోజులకు జూన్ 15 వస్తుంది. అంటే బడి తెరిచే రోజుకు జాకీలు ఇంకా నిలబడే ఉండాలి.

అందుకని స్లాబు తేదీ మే మొదటి పక్షంలోనే పెట్టుకోండి. కుదరదని తేలితే ఆ రోజే హెడ్‌మాస్టరు గారితో కూర్చుని, జూన్‌లో పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోండి. ఆ ఏర్పాటు ముందే ఉంటే జాకీలు పీకెయ్యమని ఎవరూ ఒత్తిడి చెయ్యరు.

సామాను దిగేటప్పుడు

సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. మూడు నెలలు దాటితే పరీక్ష చేయించకుండా వాడనివ్వొద్దు. బస్తాలు చెక్కల మీద, గోడకు అడుగున్నర ఎడంగా, ఒకదాని మీద ఒకటి పదికి మించకుండా పేర్చాలి.

ఇనుముకు కిరాణా కొట్టు కాటా చాలు. 12 ఎంఎం రాడ్డు మీటరుకు 888 గ్రాములు తూగాలి. అంటే 12 మీటర్ల పూర్తి రాడ్డు పది కిలోల ఆరువందల పైచిలుకు. కొద్దిపాటి తేడా కోడ్ ఒప్పుకుంటుంది గానీ, పది కిలోలకు కూడా తూగని రాడ్డు కనబడితే ఆ లోడు దించనివ్వకండి. 8 ఎంఎం అయితే మీటరుకు 395 గ్రాములు.

ఇసుక సంగతి సీసాలో తేలుతుంది. గాజు సీసాలో సగం ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు పోసి, బాగా గిలకొట్టి మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక మీద ఒండ్రు పొరగా తేరుకుంటుంది. అది ఇసుకలో నూటికి 8 పాళ్లు దాటితే కడిగి వాడాలి, లేదా వెనక్కి పంపాలి. నది ఇసుక దొరక్క రోబో శాండ్ (రాయిని పొడి చేసి తయారుచేసే ఇసుక) తెప్పిస్తే భయపడనక్కర్లేదు, ఇసుక, కంకరల ప్రమాణం ఐఎస్ 383 దానికి ఒప్పుకుంటుంది. కాకపోతే క్రషర్ దగ్గర ఊరికే మిగిలిన డస్టును ఆ పేరుతో దించేస్తుంటారు. గుప్పిట్లో పట్టుకుని వదిలితే పిండిలా అరచేతికి అంటుకునేది వద్దు.

నీళ్లు తాగడానికి పనికొచ్చేవై ఉండాలి. తీరం ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ట్యాంకరు తెప్పించుకోండి. ఉప్పు లోపలి ఇనుమును తినేస్తుంది.

స్లాబుకు ముందురోజు

మీకు ఒక్క రోజే తీరిక ఉందంటే అది ఈ రోజే కావాలి. ఇనుము ఇంకా కళ్లకు కనిపిస్తుంటుంది. రేపు సాయంత్రానికి అది కాంక్రీటు కింద ఉంటుంది, తర్వాత ఎవరు ఎన్ని సంతకాలు పెట్టినా అక్కడ ఏముందో చూడలేరు.

సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద పరిచే రేకుల అచ్చు) మీదికి ఎక్కి నడవండి. రేకులు ఊగుతున్నాయా, సందులు ఉన్నాయా చూడండి. సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోతే అక్కడ కాంక్రీటు తేనెతుట్టెలా బొక్కలు పడుతుంది. కిందికి దిగి జాకీల పాదాలు చూడండి. కొత్తగా మట్టి నింపిన చోట నేరుగా నేల మీద నిలబెడితే, స్లాబు బరువుకు కుంగిపోతాయి. కింద మందపాటి చెక్క ఉండాలి. సరుగుడు బాదులు వాడితే వంకరవి, అతుకువి తీయించండి.

తర్వాత కవర్ బిళ్లలు, అంటే రాడ్డును రేకుకు ఎడంగా ఉంచే బిళ్లలు. రాడ్డుకూ రేకుకూ మధ్య స్లాబులో కనీసం 20 ఎంఎం, పిల్లర్లో 40 ఎంఎం కాంక్రీటు ఉండాలి. బిళ్లలు అయిపోయాయని కంకర రాయి పెట్టేస్తుంటారు. రాయి జారిపోతే రాడ్డు రేకుకు ఆనుకుంటుంది. కొన్నేళ్లకు తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులుగా ఊడి పిల్లల నెత్తిన పడేది అక్కడినుంచే. పాత బడుల వరండాల్లో పైకి చూస్తే ఎర్రగా బయటపడిన రాడ్లు మీలో చాలామంది చూసే ఉంటారు.

ఇంకా పెద్ద ప్రమాదం సన్‌షేడ్లలో ఉంటుంది. గోడ బయటికి వేలాడే సన్‌షేడ్‌కు, వరండా ముందుకు పొడుచుకొచ్చిన స్లాబుకు అసలు ఇనుము పైభాగంలో ఉండాలి, ఎందుకంటే అక్కడ లాగుడు పైనే పడుతుంది. గదిలో స్లాబుకు కింద కట్టే అలవాటులో ఉన్న కుర్రవాళ్లు ఇక్కడా కిందే కట్టేస్తారు. సరిగ్గా కట్టినా, తట్టలు మోసేవాళ్లు దాని మీద నడిచి అణగదొక్కేస్తారు. నేను పనిచేసిన ఒక ఊళ్లో సెంట్రింగ్ విప్పగానే గోడ వెంబడి సన్‌షేడ్ మొత్తం పొడవునా చీలిక వచ్చింది. పగలగొట్టి చూస్తే ఇనుము అడుగున ఉంది. ఆ ముందు సాయంత్రం చీకటి పడిందని నేను ఆ వైపు వెళ్లలేదు. పిల్లలు ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది గానీ, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. సన్‌షేడ్ పై ఇనుము కింద చెయిర్లు (రాడ్లను పైనే నిలిపి ఉంచే ఇనుప ఆసరాలు) పెట్టించండి, కూలీలు నడవడానికి పలకలు వేయించండి.

ఫ్యాను హుక్కులు, కరెంటు పైపులు ఈ రోజే పడాలి. తర్వాత గుర్తొచ్చి స్లాబు తొలిస్తే రాడ్లు తెగుతాయి.

చివరగా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు డ్రాయింగ్ పట్టుకుని రాడ్ల ఎడం, సైజు, రింగులు కొలిచి, రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేవరకు కాంక్రీటు కలిపే మిల్లరు తిప్పనివ్వొద్దు. ప్రతి గది ఇనుమూ టేపు ఆనించి ఫోటో తీసి ఉంచుకోండి. బిల్లు అప్పుడూ, నాణ్యత తనిఖీ అధికారులు వచ్చినప్పుడూ ఆ ఫోటోలే మాట్లాడతాయి.

పోసే రోజు

కోడ్ ప్రకారం కాంక్రీటు వేడి 40 డిగ్రీలు మించకూడదు. మే నెల మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం. తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. పెద్ద స్లాబైతే సాయంత్రం పెట్టుకుని లైట్లు కట్టించండి. కంకర కుప్ప మీద, సెంట్రింగ్ రేకుల మీద ముందే నీళ్లు చల్లాలి, మడుగులు మాత్రం నిలవకూడదు.

మిల్లరు దగ్గర మీ మనిషి ఒకరు పొద్దుటినుంచి చివరి బస్తా వరకు నిలబడాలి. ఆయన చూడాల్సింది నీళ్లు. ఎం20 కాంక్రీటుకు (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావాల్సినది) నీళ్లూ సిమెంటూ నిష్పత్తి 0.55 దాటకూడదు, అంటే 50 కిలోల బస్తాకు 27 లీటర్ల చిల్లర. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. లీటర్ల గుర్తు పెట్టిన బకెట్టు ఒకటి కేటాయించి, పైపుతో నేరుగా డ్రమ్ములోకి పోయడం ఆపించండి. మధ్యాహ్నానికి అందరూ అలిసిపోతారు, కాంక్రీటు జారితే పని సులువవుతుంది, ఎవరో ఒకరు ఇంకో బకెట్టు పొయ్యమంటారు. ఆ నీరు తర్వాత ఆవిరైపోయి సన్నని రంధ్రాలు మిగులుస్తుంది, వానాకాలంలో స్లాబు అందులోంచే ఉరుస్తుంది. కూలీల కష్టం తగ్గించాలంటే కాంక్రీటును అదిరించి సర్దే వైబ్రేటరుకు రెండో నీడిల్ తెప్పించండి, వాళ్లకు మజ్జిగ ఇప్పించండి, వేళకు విశ్రాంతినివ్వండి. నీళ్లు మాత్రం పెంచొద్దు.

పిల్లర్లలో కాంక్రీటును ఐదడుగుల కంటే ఎత్తునుంచి పడెయ్యకూడదు, కంకర ఒకచోట, సిమెంటు ఒకచోట విడిపోతాయి. మే సాయంత్రాల్లో గాలివాన ఎప్పుడు లేస్తుందో తెలియదు, టార్పాలిన్లు సైటు మీదే ఉండాలి. వాన పడి ఆపాల్సి వస్తే ఎక్కడ ఆపాలో ఏఈ గారితో ముందే గుర్తు పెట్టించుకోండి. ఎక్కడ పడితే అక్కడ వదిలేసిన అతుకు జీవితాంతం కారుతుంది.

బలం పరీక్ష కోసం అచ్చుల్లో పోసే కాంక్రీటు దిమ్మలు, అంటే క్యూబులు మర్చిపోకండి. 6 నుంచి 15 ఘనపు మీటర్ల కాంక్రీటుకు రెండు శాంపిళ్లు, 16 నుంచి 30 వరకు మూడు. శాంపిలుకు మూడేసి క్యూబులు. స్లాబులోకి వెళ్తున్న తట్టలోంచే మాల్ తీసుకుని పొయ్యాలి, శాంపిలు కోసమని విడిగా మంచి మాల్ కలిపి పోసిన క్యూబుకు విలువ లేదు. తడిగా ఉండగానే తేదీ, గది పేరు గీసి, మీ కమిటీ నుంచి ఒకరు దగ్గరుండి చూడండి. ఏడో రోజు ఫలితం కోసం ఇంకో మూడు అదనంగా పోయించుకుంటే, తేడా ఉన్న సంగతి మూడు వారాల ముందే తెలుస్తుంది.

పోశాక

పైన నునుపు చేసిన కొద్ది గంటల్లోనే తడి గోనెపట్టలు కప్పాలి. మర్నాడు సిమెంటు మాల్‌తో చిన్న గట్లు వేసి, వరిమడి కట్టినట్టు మడులు కట్టి నీళ్లు నిలపండి. పీపీసీకి, ఎండకాలానికి పది రోజులు తప్పనిసరి. పద్నాలుగు రోజులైతే నిశ్చింత. పిల్లర్లకు గోనెపట్ట చుట్టి రోజుకు మూడు నాలుగుసార్లు తడపాలి. ఎవరికీ పట్టక వదిలేసేది పిల్లర్లనే. వేసవిలో ఊరి అవసరాలకే నీళ్లు కరువు, కాబట్టి ట్యాంకరు ఖర్చు ఎవరిదో స్లాబుకు ముందే మాట్లాడుకోండి. నీళ్లు పెట్టే మనిషికి రోజు కూలీ ఇచ్చి, నోటుబుక్కులో తేదీలు రాయించండి.

ఎం20 క్యూబు శాంపిలు ఫలితం చదరపు మిల్లీమీటరుకు 17 న్యూటన్ల కంటే తక్కువొస్తే గోల చెయ్యకుండా ఇంజినీరుతో కోర్ టెస్టు (గట్టిపడిన కాంక్రీటులోంచి ముక్క తొలిచి తీసి చేసే పరీక్ష) అడగండి. మూడు కోర్ల సగటు ఉండాల్సిన బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా వస్తే కోడ్ ఒప్పుకుంటుంది. ఆ ఫలితం చేతికి వచ్చేవరకు ఆ గది కింద ప్లాస్టరింగ్ చేయించొద్దు, పైన గోడ లేపనివ్వొద్దు.

జూన్ 12 నాటికి ఏ గది కింద జాకీలు ఉన్నాయో ఆ గది వాకిలికి అడ్డంగా కర్రలు కట్టించి, తాళం హెడ్‌మాస్టరు గారి దగ్గర ఉంచండి. మొదటి రోజు పిల్లలు కొత్త గది చూడాలని తోసుకుంటారు. ఆ ఉదయం కమిటీలో ఇద్దరు అక్కడే నిలబడండి.