పక్షులు గూళ్లు పెట్టే ఊరికి కమ్యూనిటీ రిజర్వు హోదా: ఫైలు ఎలా కట్టాలి

రక్షిత ప్రాంతమంటే అటవీ శాఖే హద్దులు గీయాలని లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణతో ఊరుగానీ ఒక రైతుగానీ తమ నేలను తామే ముందుకొచ్చి ఆ జాబితాలో చేర్పించుకునే వీలు వచ్చింది. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు 2007లో అలాగే కమ్యూనిటీ రిజర్వు అయింది. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే పిల్లల్ని చేస్తాయి. మన శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద కనిపించేదీ ఇదే దృశ్యం.

ముందు తేల్చుకోవాల్సింది పక్షుల లెక్క కాదు, నేల ఎవరిదన్నది. పట్టా భూమి, ఊరి ఉమ్మడి భూమి అయితే సెక్షన్ 36సి కింద కమ్యూనిటీ రిజర్వు. చెరువు పోరంబోకు లాంటి ప్రభుత్వ భూమి అయితే 36ఎ కింద కన్జర్వేషన్ రిజర్వు. రిజర్వును చూసుకోవడానికి వేసే కమిటీ కూర్పు కూడా దానికి వేరు. చెట్లు పట్టాలో, నీళ్లు పోరంబోకులో ఉంటే రెండింటినీ ఒకే దరఖాస్తులో కలిపేయకండి, ఫైలు అక్కడే చిక్కుకుంటుంది.

గూళ్లున్న ప్రతి సర్వే నంబరుకూ సబ్‌డివిజన్‌తో సహా అడంగల్ లేదా పహాణీ (భూమి ఎవరిది, సాగు ఏమిటి అని చూపే రెవెన్యూ రికార్డు) నకలు, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం) తీసుకోండి. విస్తీర్ణాన్ని హెక్టార్లలోకి మార్చేటప్పుడు జాగ్రత్త. తెలంగాణ రికార్డులో 3.20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు, 1.42 హెక్టార్లు. ఆంధ్రలో అదే 3.20 అంటే మూడెకరాల ఇరవై సెంట్లు, 1.30 హెక్టార్లు. సర్వేయరు చూడకుండా ఈ అంకె టైపుకి ఇవ్వొద్దు. పట్టా ఉమ్మడిగా ఉంటే అన్నదమ్ములందరి సంతకాలూ కావాలి. పెద్దాయన ఒక్కడి సంతకంతో తెచ్చిన అంగీకారం తర్వాత నిలవదు.

ఇక గ్రామసభ. సర్పంచ్ లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరాన్ని తీర్మానంగా చూపించకండి. సర్వే నంబర్లు, విస్తీర్ణం, 'స్వచ్ఛందంగా' అన్న మాట, పంచాయతీ నామినేట్ చేసే కనీసం ఐదుగురి పేర్లు తీర్మానంలోనే ఉండాలి. వీళ్లతోపాటు అటవీ శాఖ ప్రతినిధి ఒకరు కమిటీలో కూర్చుంటారు. కమిటీ ఎన్నుకున్న అధ్యక్షుడే ఆ రిజర్వుకు గౌరవ వన్యప్రాణి వార్డెన్. మొత్తం ప్రైవేటు భూమే అయితే 2022 సవరణ ప్రకారం భూ యజమానికీ కమిటీలో చోటుంటుంది. నోటిఫికేషన్ వచ్చాక భూ వినియోగం మార్చాలంటే కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలి. ప్లాట్లు వేద్దామనుకునేవాళ్లు సభలో ఉంటారు కాబట్టి ఈ మాట అక్కడే గట్టిగా చదివి వినిపించండి. దాచితే ఏడాది తిరక్కుండా గొడవ మీ గుమ్మంలోకే వస్తుంది.

లెక్కకు ఎగిరే పక్షుల్ని కాదు, గూళ్లను తీసుకోండి. పక్షులు దిగకముందే చెట్లకు రంగుతో నంబర్లు వేసి, గూళ్లు కట్టాక పదిహేను రోజులకోసారి, దూరం నుంచి బైనాక్యులర్‌తో, అదే మనిషి, అదే చోటి నుంచి లెక్కించాలి. చెట్టు కిందికి వెళ్తే తల్లులు లేస్తాయి, ఆ రెండు నిమిషాల్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. రెట్టతో చెట్లు ఎండిపోతూ ఉంటాయి కూడా; నిర్వహణ ప్రణాళికలో కొత్త మొక్కల ఖర్చు రాయండి. చింతపండు నష్టపోయే రైతుకు పరిహారం, చెరువు చేపల వేలంలో గూళ్ల కాలానికి వలల నిబంధన, తూము ఎప్పుడు ఎత్తాలన్నది కూడా అందులోనే ఉండాలి. చెట్ల చుట్టూ నీళ్లు త్వరగా తగ్గితే కుక్కలు, నక్కలు నడిచి వచ్చేస్తాయి.

ఫైలు డీఎఫ్‌వో (అటవీ శాఖ అధికారి) దగ్గర ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కణ్ణుంచి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, ఆపైన ప్రభుత్వానికి వెళ్తుంది. గెజిట్ వచ్చిన రోజే మీ జాబితాతో పక్కన పెట్టి నంబరు నంబరూ సరిచూడండి. ఒక్క సబ్‌డివిజన్ జారిపోయినా వెంటనే సవరణ కోరుతూ రాయాలి. లేకపోతే ఆ నేలలోని చెట్టు చట్టం బయట ఉన్నట్టే.