చెక్క బోటులో సామాను అరలు: ఏది ఎందుకు పాడవుతుంది, ఎలా సరిచేయాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఈ 61 రోజుల్లోనే విశాఖ తీరంలోని పెద్దజాలారిపేట, మంగమారిపేట, భీమిలి ఒడ్డున బోట్ల పని జోరుగా సాగుతుంది. పాత అరలు విప్పి కొత్తవి కట్టడానికీ ఇదే సమయం. ఇక్కడ చెప్పేవన్నీ 22 నుంచి 26 అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న సొంతంగా కట్టుకున్న చెక్క బోటుకు వర్తిస్తాయి. మధ్యలో ఐస్ పెట్టె, వెనక వలల అర, అణియంలో (బోటు ముందు భాగంలో) చిన్న అర, ఇంజిన్ దగ్గర బ్యాటరీ పెట్టె అనుకుందాం.

అర ఎంత పెద్దగా ఉండాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు కాగితం మీద నీటి దారి గీయండి. ప్రతి అరలోకి నీళ్లు ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి? కింద చెప్పిన సమస్యల్లో సగానికి పైగా ఆ దారి లేకపోవడం వల్ల వచ్చేవే.

మూత బిగించినా అరలో నీళ్లు చేరుతున్నాయి

ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి. అర అంచు మీద చుట్టూ సుద్దముక్కతో దట్టంగా గీత గీయండి. మూత వేసి, కొక్కేలు బిగించి, మళ్లీ తీయండి. మూత లోపలి రబ్బరు మీద సుద్ద అంటిన చోటల్లా మూత సరిగ్గా కూర్చుంటోంది. గీత తెగిపోయిన చోటే నీటికి దారి. చాలా బోట్లలో ఆ ఖాళీ మూలల్లోనో, కీళ్ల వైపు మధ్యలోనో కనిపిస్తుంది.

మూల కారణం సాధారణంగా మూత డెక్కుతో సమానంగా ఉండటమే. డెక్కు మీద పడిన అల ముందు ఆ సందులోనే నిలుస్తుంది. నిలిచిన నీటిని ఆపే రబ్బరు ఏదీ ఎక్కువ కాలం నిలవదు. అందుకే అర నోటి చుట్టూ గట్టు కట్టాలి. నడుమ ఉన్న అరలకు 50 మిల్లీమీటర్లు చాలు. ఒడ్డు నుంచి అలల్లోకి తోసే బోటుకు అణియం అర గట్టు 75 నుంచి 100 మిల్లీమీటర్లు ఉండాలి, ఎందుకంటే తొలి అల వచ్చి పడేది దాని మీదే. మూత అంచు గట్టు బయటి వైపు కనీసం 25 మిల్లీమీటర్లు కిందికి దిగాలి.

కాలు తగులుతుందని గట్టు వద్దనుకుంటే, నోటి చుట్టూ 20 మిల్లీమీటర్ల లోతు కాలువ చేసి, దాని వెనక రెండు మూలల్లో 25 మిల్లీమీటర్ల గొట్టాలు పెట్టి బయటికి వదలండి. రెండూ వెనకే ఎందుకంటే, ఇంజిన్ బరువుకు, పరుగుకు బోటు వెనక్కి కూర్చుంటుంది. అర అంగుళం గొట్టం పెడితే చేప పొలుసుకే మూసుకుపోతుంది.

రబ్బరు విషయంలో మెత్తని స్పాంజి పట్టీ వద్దు. అది నీరు పీల్చి, నెలలోనే అణిగిపోతుంది. కార్ల తలుపులకు వాడే ఈపీడీఎం బోలు రబ్బరు తీసుకోండి. మూత బిగిస్తే దాని మందం మూడో వంతు మేర తగ్గేలా అణగాలి. అంతకంటే ఎక్కువ నొక్కితే త్వరగా చచ్చిపోతుంది.

మధ్యాహ్నానికే ఐసు నీరైపోతోంది

ఐసు నాసిరకం అనుకునే ముందు ఒక లెక్క చూడండి. 30 డిగ్రీల వేడిలో ఉన్న 10 కిలోల చేపను సున్నాకు దించడానికి దాదాపు 3 కిలోల ఐసు చాలు. మన ఎండల్లో చేపకు సమానంగా ఐసు పెట్టమని చెప్పడానికి కారణం, మిగతా ఐసు పెట్టె గోడల గుండా వచ్చే వేడికి పోవడమే. అంటే దండగ అంతా గోడల్లోనే ఉంది.

లోపలి కొలత 90×60×50 సెంటీమీటర్లు ఉన్న పెట్టె తీసుకుందాం. అందులో సుమారు 90 కిలోల చేప, అంతే ఐసు పడతాయి. బయట 32 డిగ్రీలు ఉంటే, 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ గోడల గుండా రోజుకు 30 కిలోల ఐసు కరుగుతుంది. 50 అయితే 15, 75 అయితే 10, 100 అయితే ఏడున్నర. పీయూఫ్ (గట్టి పాలీయురేథేన్ ఫోమ్) పలక అయితే 50 మిల్లీమీటర్ల మందమే 75 థర్మోకోల్‌తో సమానంగా పనిచేస్తుంది. ఇది నీడలో ఉన్న పొడి పెట్టె లెక్క. ఎండ నేరుగా తగిలే మూతకు, మాటిమాటికీ తెరిచినందుకు ఇంకా కలుపుకోవాలి. కాబట్టి గోడలకు 75 పెట్టి, మూతకు 100 పెట్టండి. మూత బయట తెల్ల రంగు వేయండి, పైన తడి గోనె కప్పండి.

ఇక్కడ చాలామంది కొలతలో దెబ్బతింటారు. 75 మిల్లీమీటర్ల పలక, బయట 12 మిల్లీమీటర్ల ప్లై, లోపల 3 మిల్లీమీటర్ల ఫైబర్ కలిస్తే ఒక్కో గోడ 9 సెంటీమీటర్లు. పైన చెప్పిన పెట్టె బయటి కొలత 108×78 అవుతుంది. ముందే ఫ్రేముల (బోటు లోపల పక్కటెముకల్లా ఉండే చెక్కల) మధ్య చోటు కొలుచుకోకపోతే, చివరికి చోటు చాలక థర్మోకోల్ పలచన చేయాల్సి వస్తుంది.

కట్టిన కొత్తలో బాగుండి, ఏడాదికల్లా ఐసు నిలవడం మానేసిందంటే గోడల్లోకి నీరు దిగినట్టే. పెట్టె గోడను వేలి కణుపుతో తట్టండి. పొడి గోడ బోలుగా మోగుతుంది, తడిసిన గోడ మట్టిని తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. అనుమానమున్న చోట బయటి ప్లైకి 6 మిల్లీమీటర్ల రంధ్రం వేసి చూడండి. నీరు కారితే ఆ గోడ పలక మార్చడం తప్ప దారి లేదు. పెట్టె మూసి ఉండగా అది ఆరదు.

కొత్త పలకలను రెండు వరుసలుగా, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా అమర్చండి. సందుల్లో పీయూ ఫోమ్ నింపండి. లోపలి ఫైబర్ పొరకు చదరపు మీటరుకు 450 గ్రాములుండే గాజుపీచు మ్యాట్లు రెండు చాలు, మూలల్లో మూడు వేయాలి. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: పాలిస్టర్ రెసిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. బ్రష్ పెట్టిన చోట తెల్ల పలక గుంటలు పడి ముద్దవుతుంది. థర్మోకోల్ మీద ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే మరో రకం రెసిన్) మాత్రమే వాడాలి. పీయూఫ్ మీద రెండూ వాడవచ్చు. కుళ్లకుండా సీసీఏ మందు పట్టించిన చెక్క బోటు అడుగుకు మంచిదే గానీ ఐస్ పెట్టె లోపల వద్దు. అందులో ఆర్సెనిక్ ఉంటుంది.

కరిగిన నీరు పోవడానికి పెట్టె అడుగున మీటరుకు 20 మిల్లీమీటర్ల వాలు, కింది మూలలో 25 మిల్లీమీటర్ల గొట్టం ఉండాలి. వాలును ఒడ్డున నీటిమట్టం బద్దతో చూసి సరిపెట్టుకోకండి. ఇసుక మీద బోటు కూర్చునే తీరు వేరు, సరుకుతో నీటిలో తేలే తీరు వేరు. నిండుగా ఉన్నప్పుడు పక్కన నీరు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకుని, ఒడ్డున ఆ గీత సమమట్టంగా వచ్చేలా బోటుకు చెక్కలు పెట్టి, అప్పుడు వాలు తీయండి. గొట్టాన్ని యు ఆకారంలో వంచితే వంపులో నీరు నిలిచి వేడిగాలి లోపలికి రాదు. పెట్టె అడుగు బయటి నీటిమట్టం కంటే కిందికి ఉంటే బోటు పక్కకు రంధ్రం పెట్టకూడదు. చిన్న గుంట కట్టి చేతిపంపుతో తోడాలి.

ఆ నీటిని బోటు అడుగులోకి మాత్రం వదలొద్దు. రక్తం, జిగురు కలిసిన ఆ నీరు అడుగున కుళ్లి విషవాయువు పుడుతుంది. ఎన్నో రోజులుగా మూసి ఉన్న అర తెరిస్తే, వెంటనే తల లోపల పెట్టొద్దు. మూతలన్నీ తీసి గాలి ఆడనిచ్చాకే కడగండి.

ప్లై అంచులు ఉబ్బాయి, అర అడుగు మెత్తబడింది

కత్తి మొనతో గుచ్చి చూడండి. మంచి చెక్క మొనను ఆపుతుంది, లాగితే పట్టి వదులుతుంది. కుళ్లిన చోట మొన చప్పుడు లేకుండా దిగుతుంది, స్క్రూ చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది.

సముద్రపు నీరు చెక్కను కుళ్లబెడుతుందని చాలామంది అనుకుంటారు. చెక్కను తినే బూజుకు ఉప్పునీటి కంటే మంచినీరే అనుకూలం. వాననీరు, ఐసు కరిగిన నీరు అరలో నిలిచిపోవడమే అసలు కారణం. అందుకే సరుగుడు చెట్ల నీడన నెలల తరబడి ఆపిన బోటు, రోజూ వేటకు వెళ్లే బోటు కంటే ముందే కుళ్లుతుంది.

రెండో కారణం ప్లై రకం. అలమరాలకు వాడే ఎంఆర్ రకం ప్లై పొరలు విడిపోతాయి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై కావాలి. దానికి కూడా అంచులు పీల్చే గుణం ఉంది. కోసిన ప్రతి అంచుకు, వేసిన ప్రతి రంధ్రానికి ఎపాక్సీ మూడు పూతలు పట్టించాలి. మొదటి పూత ఆరేలోగా పీల్చేస్తుంది, అది సహజమే. తెల్ల జిగురుతో అతికించిన కీలు తడిలో నిలవదు.

మెత్తబడిన చోట రంగు పూయడం దండగ. మెత్తదనం ఆగిన చోటి నుంచి ఇంకో 15 సెంటీమీటర్లు కోసి తీసేసి, కొత్త ముక్క వేయండి. మూలలో నీటిదారికి 20 మిల్లీమీటర్ల రంధ్రం తీసి, దాని అంచుకు కూడా ఎపాక్సీ పూయండి.

ఎపాక్సీ జిగటగా ఉండిపోయింది, లేదా బుడగలు వచ్చాయి

పైన జిడ్డు పొర, కింద గట్టిగా ఉంటే అది విశాఖ గాలిలోని తేమ పని. థిన్నర్‌తో తుడవకండి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే పీచుతో రుద్ది కడిగి, ఆరాక గరుకు కాగితం వేసి తర్వాతి పూత వేయండి. లోపలిదాకా మెత్తగా ఉంటే పాళ్లు తప్పాయి. గీకి తీసేయడమే మార్గం. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోసిన చోటే ఇలా జరుగుతుంది.

బుడగలకు కారణం ఉదయపు పని. ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి ఉబ్బి పూతలోంచి బయటికి వస్తుంది. నాలుగు గంటల తర్వాత, చెక్క చల్లబడుతున్నప్పుడు పూయండి, అది రెసిన్‌ను లోపలికి లాగుతుంది. మే నెలలో డబ్బాలో అరకిలో కలిపితే పది నిమిషాల్లో పొగలు కక్కుతుంది. 150 గ్రాముల చొప్పున కలిపి, వెడల్పు పళ్లెంలో పోసుకోండి.

కొత్త అర కట్టాక బోటు పలకల మధ్య నీరు ఊరుతోంది

అర అడ్డుగోడను నేరుగా బోటు పలకకు బిగిస్తే ఇలా అవుతుంది. అలకు బోటు ఒళ్లు కొద్దిగా వంగుతుంది, గోడ వంగదు. వంపు అంతా ఆ ఒక్క గీత మీద పడి, సందులో కూరిన పత్తి, గుగ్గిలం వదులవుతాయి. గోడను ఫ్రేములకే బిగించండి, గోడకూ పలకకూ మధ్య 8 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. ఫ్రేముల అడుగున నీరు పారే కన్నాలను మూయకండి. ఇప్పటికే బిగించి ఉంటే స్క్రూలు తీసి, గోడ అంచు కోసి, సందును మళ్లీ పత్తి కూరి గుగ్గిలం పట్టించండి. పలకల సందుల మీద ఫైబర్ వేసి ఆపుదామంటే, పలకలు ఉబ్బి కుంగే బోటులో ఆ ఫైబర్ పగులుతుంది. కింద నీరు చిక్కుకుని పలకే కుళ్లుతుంది.

స్క్రూ తలలు ఊడివస్తున్నాయి

ఇత్తడి స్క్రూ గులాబీ రంగుకు తిరిగితే అందులోని జింకు పోయినట్టు. చేతితో తిప్పితేనే విరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే 316 రకం తీసుకోండి. అయస్కాంతం పెట్టి 304కూ 316కూ తేడా చెప్పలేం, నమ్మకమైన కొట్లో బిల్లు మీద రకం రాయించుకోండి. 316 కూడా తడి చెక్కలో గాలి తగలక తుప్పు పడుతుంది, కాబట్టి రంధ్రంలో సీలెంట్ పెట్టి బిగించాలి. గట్టి చెక్కలో 4 మిల్లీమీటర్ల స్క్రూకు ముందు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. ఒకే బిగింపులో రెండు లోహాలు కలపకండి.

బోటు ఒక పక్కకు ఒరుగుతోంది

నిండిన ఐస్ పెట్టె ఖాళీ బరువుతో కలిపి 200 కిలోలు దాటుతుంది. దాన్ని నడిమి గీత నుంచి పక్కకు జరిపి పెడితే, బోటు ఆ పక్కకు ఒరుగుతుంది. పెట్టె నడిమి గీత మీదే ఉండాలి, వీలైనంత కిందికి ఉండాలి. అడుగున కరిగిన నీరు అటూ ఇటూ పారితే ఒరుగు ఇంకా పెరుగుతుంది. పెట్టె మధ్యలో పొడవునా ఒక అడ్డుపలక పెడితే ఆ నీటి ప్రభావం నాలుగో వంతుకు తగ్గుతుంది. కోనాం చేపలు ఒక వైపు, కానాగంత చేపలు ఒక వైపు వేసుకోవడానికీ వీలవుతుంది.

వానాకాలంలో మూత పట్టేస్తోంది, వలలు కంపు కొడుతున్నాయి

పైవైపు మాత్రమే రంగు వేసిన మూత వంగుతుంది. రెండు వైపులా ఒకే సంఖ్యలో పూతలు వేసి, చుట్టూ 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి. వలల అర అడుగున 40 మిల్లీమీటర్ల బద్దలు, 15 మిల్లీమీటర్ల సందులతో పరచండి. ముందు ఒకటి, వెనక ఒకటి గాలి కన్నాలు తీయండి. ఒకటి కింద, ఒకటి పైన ఉంటేనే గాలి ఆడుతుంది.

పెట్రోలు వాసన వస్తోంది

ఇది మిగతా సమస్యల్లాంటిది కాదు, ఆ రోజు వేట మానుకునైనా చూడాల్సింది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, మూసిన అర అడుగున పేరుకుంటుంది. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ తేలిక, పైకి పోతుంది. ఆ రెండూ ఒకే అరలో ఉంటే ఒక్క స్విచ్ నిప్పురవ్వ చాలు. పెట్రోలు డబ్బాను గాలి ఆడే చోట, అడుగున కన్నాలున్న తెరిచిన తొట్టెలో పట్టీ వేసి కట్టండి. బ్యాటరీని దూరంగా వేరే పెట్టెలో, మూత దగ్గర కన్నాలతో పెట్టి, కదలకుండా బిగించండి. అలల్లో బోటు ఎగిరిపడినప్పుడు వదులు బ్యాటరీయే ముందు తీగలు తెంపుకుంటుంది.

లైఫ్ జాకెట్లకు మాత్రం ఏ అరా కట్టకండి. తాళం, కొక్కెం, మూత ఏవీ లేకుండా, చీకట్లో చేయి చాస్తే అందే చోట, కూర్చునే బల్ల కింద తాడు ముడితో వేలాడదీయండి. ఒక్క లాగుతో ఆ ముడి విడిపోవాలి.